కరణంగారి అరుగు, పదమూడు ముక్కలు

పేకాటలో చెయ్యి తిరగాలంటే ఏం చెయ్యాలి తాతయ్యా అని అడిగావు. నీ వయసులో మీ నాన్న ఈ మాట అడిగుంటే మీ నాయనమ్మ చేతిలోని అట్లకాడ ఊరుకునేది కాదు. ఇప్పుడు అడిగేవాడివి నువ్వయ్యావు కనక నీకు అన్నీ చెల్లుతాయి. ఆ ఎండుపుల్లలు రెండు మంటలో వేసి ఇలా దగ్గరికి జరుగు. త్వరగా తేల్చెయ్యమని మాత్రం అనకు. పేకాట గురించి త్వరగా చెప్పేవాడికి ఆట రాదని నా నమ్మకం.

నువ్వు ఆడేది పోకరన్నావు. చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అయిదు, ఆ ఏడింట్లోంచి మంచివి అయిదు. నాకు తెలిసింది మన రమ్మీ, పదమూడు ముక్కలాట. ఆటలు వేరైనా ముక్కలు పట్టుకుని కూర్చునే మనిషి అక్కడా ఇక్కడా ఒకడే. నేను చెప్పేదాంట్లో సగం నీకు అక్కడా అక్కరకొస్తుంది. మిగతా సగం నా తృప్తి కోసం విను.

మా ఊళ్ళో ఆటంటే కరణంగారి అరుగే. నేను చెప్పేది 1960 దాటాక సంగతి. నయాపైసలు 1957 ఏప్రిల్లోనే వచ్చాయి, రూపాయికి వంద అన్నారు సర్కారు వారు. మా వాళ్ళ నోళ్ళలో మాత్రం చాలాకాలం అణాలూ బేడలే నలిగాయి. కరణంగారు అరుగుమీద సుద్దముక్కతో లెక్క పైసల్లో వేసేవారు, పైకి అణాల్లో చదివేవారు. ఆ చదవడంలో పైసా అటూ ఇటూ అయితే పోస్టుమాస్టరుగారు ఒప్పుకునేవారు కాదు. పైసా కోసం పావుగంట వాదన! ఆ పావుగంటలో ఒక ఆట అయిపోయేది, అయినా వాదనే ముఖ్యం.

పందెం పాయింటుకి పైసా. చేతిలో ఏమీ కలవకుండా పట్టుబడితే ఫుల్ కౌంటు, ఎనభై పాయింట్లు, అంటే ఎనభై పైసలు. నవ్వకు. ఆ రోజుల్లో కాకా హోటల్లో టీ పది పైసలు. పొద్దుగుంకేదాకా నాట్లు వేస్తే కూలి రూపాయో రూపాయిన్నరో. ఒక్క చెత్త ఆటకి ఎనిమిది టీలు పోయేవి. అందుకే ముక్కలు చూడగానే, ఒక్క ముక్క కూడా లాగకముందే, ‘నేను స్కూట్’ అని బోర్లా పెట్టేస్తే ఇరవై పాయింట్లతో బయటపడొచ్చు. ఒకసారి ముక్క లాగి తర్వాత తప్పుకుంటే నలభై. ఈ మూడు అంకెలూ, ఇరవై, నలభై, ఎనభై, గుర్తుపెట్టుకో. మళ్ళీ వాటి దగ్గరికే వస్తాను.

అన్నట్టు పేకలంటే గుర్తొచ్చింది. ఇప్పుడంటే కొట్టుకెళ్ళి కొత్తపేక కొనేస్తారు గానీ, అప్పట్లో కొత్తపేక కనిపించేది పెళ్ళిళ్ళలోనే. పట్నం క్లబ్బుల్లో వాడి పక్కన పడేసిన పేకలు మాకు దొరికేవి. అంచులు నలిగి, వెనకవైపు మరకలు పడి, ఆ మరకల్ని బట్టే కొన్ని ముక్కలు పోల్చుకునేవాళ్ళు గడుగ్గాయిలు. కళావరు జాకీ వెనక పసుపు మరక ఉండేదొకటి. దాన్ని ఎవరూ దాచలేకపోయేవారు. పెళ్ళిళ్ళలో మాత్రం మగపెళ్ళివారి విడిదింట్లో చాపలు, తలగడలు, సిగరెట్టు పెట్టెలతోపాటు సీలు విప్పని కొత్తపేకలు పెట్టాలి. అది ఆడపెళ్ళివారి మర్యాద. ఒక పెళ్ళిలో పేక ఒక్కటే పెట్టారని పెళ్ళికొడుకు బాబాయి ఉప్మా ముట్టలేదు. రమ్మీకి రెండు పేకలు కావాలి, ఒకదానితో ఏం చేసుకోమంటారూ అని ఆయన అలక. న్యాయమేగా! సైకిలు మీద తాలూకా కేంద్రానికి మనిషి పరిగెత్తాడు. రెండోపేక వచ్చింది, ఉప్మా చల్లారింది, బాబాయిగారు చల్లబడ్డారు. ఆ పెళ్ళిలోనే పురోహితుడు ముహూర్తం ముంచుకొస్తోందని కేకలు పెడుతుంటే, ‘ఈ ఒక్క ఆటా అవనివ్వండి’ అన్నది ఎవరనుకున్నావు? పెళ్ళికొడుకు తండ్రి! గురజాడవారి కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట చదివావా? లేదా? చదువు. పెద్దమనుషులు ముక్కలు పట్టుకోగానే ఎలా చిన్నపిల్లలైపోతారో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సరే, పెళ్ళిలోంచి బయటికొద్దాం. నేర్చుకోవడం ఎలాగన్నది కదా నీ ప్రశ్న.

మాకు ఆట నేర్పింది చేతిలోని ముక్కలు కాదు, వెనక కూర్చోవడం. అరుగుమీద చోటు రావాలంటే ముందు ఏడాదికేడాది పెద్దల వెనక కూర్చుని చూడాలి. వెనక కూర్చున్నవాడికి నియమాలున్నాయి. నోరు విప్పకూడదు. నిట్టూర్చకూడదు. మంచి ముక్క వస్తే కళ్ళు పెద్దవి చెయ్యకూడదు. ఒకరి వెనక కూర్చున్నవాడు ఆ ఆట అయ్యేదాకా ఇంకొకరి వెనక్కి వెళ్ళకూడదు. మధ్యమధ్యలో మంచినీళ్ళు తేవాలి, చుట్టకి నిప్పు తేవాలి. ఇంత చేసినా ‘ఎందుకు అది వదిలావు మావయ్యా’ అని ఆట మధ్యలో అడిగితే మొట్టికాయే. ప్రశ్న దాచుకోవాలి. ఆ దాచుకోవడమే చదువు. చివరిదాకా దాచుకున్న ప్రశ్నలకి సగం జవాబులు ఆటలోనే దొరికిపోయేవి.

ఆడవాళ్ళ ఆట మధ్యాహ్నాలు, వంటలయ్యాక, పెరటి వసారాలో. అష్టాచెమ్మా, వామనగుంటలు అయ్యాక పేక. డబ్బుండేది కాదు, చింతగింజలు. మా పెద్దత్తయ్య అక్కడ మహారాణి. అక్షరమ్ముక్క రాదు, సంతకానికి వేలిముద్ర. ఆవిడ ఎదట కూర్చుంటే ఏ ముక్క ఎప్పుడు పడిందో, ఎవరు ఎత్తారో, ఎత్తి ఏది వదిలారో చేత్తో రాసిపెట్టుకున్నట్టు చెప్పేది. మగవాళ్ళ ఆటలో ఎవరికైనా అనుమానమొస్తే వసారాలోకి కబురు పంపేవారుట, కళావరు అయిదు రెండూ పడ్డాయా అని! ఆవిడ అక్కడినుంచే చెప్పేదని ఊళ్ళో కథ. అంత నేను చూడలేదు గానీ, చెప్పినవాళ్ళని కాదనను.

నేను చిన్నప్పుడు అడిగాను, అన్నీ ఎలా గుర్తుంటాయత్తయ్యా అని. అన్నీ ఎందుకురా, నా ముక్కలకి చుట్టాలైనవి పోయాయో ఉన్నాయో అంతే కదా కావలసింది అంది. చూశావా? రెండు పేకలు కలిపితే 104, పేపరు జోకర్లు రెండు వేస్తే 106. ఇన్నీ బుర్రలో పెట్టుకోబోతే ఒక్కటీ మిగలదు. నీ చేతిలో ఆటీను ఆరూ ఏడూ ఉన్నాయనుకో. నీకు కావలసింది ఆటీను అయిదు, ఆటీను ఎనిమిది. ఒక్కోటి రెండేసి, మొత్తం నాలుగు. ఆ నాలుగింటి మీదే కన్నుంచు. మూడు పడిపోయాయంటే ఇంక ఆ జత మీద ఆశ దింపుడుకళ్ళం ఆశే. విడగొట్టి పారెయ్. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. మొదట్లో వచ్చిన జత మీద మమకారం, చివరిదాకా ఒదలరు.

ఆ ఆరూ ఏడుకి తోడుగా ఇస్పేటు ఏడు కూడా చేతిలో ఉందనుకో. ఇప్పుడు అయిదులు, ఎనిమిదులు నాలుగూ కాక, కళావరు ఏడు రెండు, డైమను ఏడు రెండు పనికొస్తాయి. నాలుగు ఎనిమిదయ్యాయి! ఒక్క ముక్క అదనంగా ఉంచుకున్నందుకు ద్వారాలు రెట్టింపు. మా పెద్దమావయ్య మూడు ముక్కల్ని ఇలా కలిపి పట్టుకోవడంలో దిట్ట. ఆయన చేతిలో ఎప్పుడూ అయిదుకీ తొమ్మిదికీ మధ్య ముక్కలు ఎక్కువగా కనిపించేవి. కారణముంది. ఏడు మూడు వరసల్లో ఇమిడిపోతుంది, అయిదు ఆరు ఏడు, ఆరు ఏడు ఎనిమిది, ఏడు ఎనిమిది తొమ్మిది. రాజుకి రెండే వరసలు. పైగా రాజుగారు చేతిలో మిగిలితే పది పాయింట్లు. మా ఊరి కుర్రకారు రాజుల్నీ రాణుల్నీ చూసి మురిసిపోయి గుండెకి హత్తుకునేవారు. పెద్దమావయ్య మొదటి చేతుల్లోనే రాజుల్ని నిర్మొహమాటంగా సాగనంపేవారు.

జోకరు సంగతీ విను. తిప్పిన ముక్క తొమ్మిదైతే, రెండు పేకల్లో తొమ్మిదులు ఎనిమిది. ఒకటి కింద తెరిచి ఉంది, ఏడు మిగిలాయి. పేపరు జోకర్లు రెండు కలిపితే తొమ్మిది జోకర్లు. ఆరుగురు ఆడుతుంటే 78 ముక్కలు చేతుల్లోకి పోతాయి, కాబట్టి మనిషికి జోకరు దాదాపు ఒకటి. నీ చేతిలో ఒకటీ లేదంటే పరుగు మొదలవకముందే నువ్వు వెనకబడ్డావన్నమాట. ఇంకో కిటుకు. తొమ్మిది జోకరైనప్పుడు దాన్ని ఎవరూ తన రంగు వరసలో వాడుకోరు, జోకరుగానే దాచుకుంటారు. కనక పక్కనున్న ఎనిమిదీ పదీ మిగతావాళ్ళకి అంతగా అక్కరకి రావు. వాటిని కాస్త ధైర్యంగా వదలొచ్చు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, కరణంగారి వెనక కూర్చుని కూర్చుని కనిపెట్టాను. కనిపెట్టిన రోజు అన్నం సయించలేదు, అంత సంబరం.

ఇప్పుడు ఆ మూడు అంకెల దగ్గరికి.

మా ఊళ్ళో ధాన్యం కమీషను వ్యాపారి ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి, చెయ్యి పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. ఆయనకి స్కూటంటే నామోషీ. ముక్కలు పంచాక పారేసిపోయేవాడు మగాడేనా అనేవాడు. పదమూడింట్లో ఒక్కదానికీ ఇంకోదానికీ పొత్తు లేకపోయినా ‘చూద్దాం’ అని కూర్చునేవాడు. ‘చూద్దాం’ అన్న మాట ఆయనకి ఊతపదమై, చివరికి ఊళ్ళో ఆయన పేరే చూద్దాంగారైంది. ఆయన కొట్టుకెళ్ళమని చెప్పాలంటే చూద్దాంగారి కొట్టుకెళ్ళు అనేవారు. పెద్దమావయ్య తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. జోకరు లేదు, లైఫు, అదే, జోకరు కలవని వరస, పడే సూచన లేదు అనుకుంటే ఠక్కున స్కూట్. పిరికి మావయ్యని ఎగతాళి చేసేవారు. ఆయన వినిపించుకోకుండా ఒక కునుకు తీసి వచ్చే ఆటకి లేచేవారు.

లెక్క చూడు. నాలుగు ఆటలు వరసగా స్కూట్ పెట్టినా ఎనభై. మొండికేసి ఒక్క ఆటలో పట్టుబడినా ఎనభై. అంటే ఒక్క మొండితనం ఖరీదుతో నాలుగు సార్లు పరువుగా తప్పుకోవచ్చు. నెలాఖరున సుద్దలెక్కలు కాగితం మీదికి ఎక్కించేసరికి పెద్దమావయ్య ఎప్పుడూ కాస్త పైన, చూద్దాంగారు ఎప్పుడూ బాగా కింద. ఆయన మాట, ‘ముక్కలు రాలేదోయ్’. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఏళ్ళ తరబడి ఒక్క మనిషికే ముక్కలు రాకుండా ఉంటాయా నాన్నా? అందరికీ ఒకే పేకలోంచే కదా పంచేది.

నీ పోకరులోనూ ఇదే అసలు విద్య అని నా అంచనా. చేతికి రెండు ఆసులు జతగా రావడం సగటున 221 ఆటలకి ఒకసారి అని నువ్వే చెప్పావు. మరి తక్కిన 220 ఆటల్లోనూ ఏం చేస్తున్నావు? నిజం చెప్పు. ‘చూద్దాం’ అంటున్నావా లేదా? ఆ నవ్వు చూస్తే తెలుస్తూనే ఉంది.

స్కూట్ అయ్యాక కునుకు తియ్యడం మావయ్య అలవాటని చెప్పానే, నువ్వు అది మాత్రం నేర్చుకోకు. ఆటలో లేనప్పుడే మనుషుల్ని చూడ్డానికి వీలు. మా పోస్టుమాస్టరుగారికి కూర్చున్నంతసేపూ కుడికాలు ఊపే అలవాటు. చాపంతా అదిరేది. ఒక్క ముక్క వస్తే ఆట అయిపోతుందన్న స్థితికి చేరగానే ఆ కాలు ఆగిపోయేది. ఆయనకి తెలియదు, ఊరందరికీ తెలుసు. కాలు ఆగగానే అందరూ పెద్ద ముక్కలు వదిలించుకునేవారు. ఆయన షో చూపించేసరికి ఒక్కొక్కరి చేతిలో అయిదో పదో పాయింట్లు. పాపం ఎంత బాగా ఆడినా ఆయనకి రాబడి అంతంతమాత్రం. ఏ మహానుభావుడు చెప్పాడో గానీ ఒక దసరాకి ఆయనకి విషయం తెలిసింది. ఆ మర్నాటి నుంచీ చెత్త ముక్కలొచ్చినప్పుడల్లా కాలు ఆపడం మొదలుపెట్టారు! వారం రోజులు ఊరు అతలాకుతలం. తర్వాత ఆయనే మర్చిపోయి, ఆపాల్సినప్పుడు ఊపి, ఊపాల్సినప్పుడు ఆపి, తన కాలు తనకే అర్థంకాని దశకి చేరారు. చివరికి కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఆడేవారు, రోహిణి కార్తెలో కూడా.

ఇన్ని చెప్పాను గానీ, మా అరుగుమీద ఆట నిజంగా పదునెక్కింది హెడ్మాస్టరుగారు బదిలీ మీద వచ్చాకనే. ఇది శ్రద్ధగా విను, నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడుంది. అప్పటిదాకా షో అయిపోగానే ముక్కలు కలిపేసేవారు. పోయినవాడు విసుగ్గా విసిరేసేవాడు, నెగ్గినవాడు మీసం దువ్వేవాడు. హెడ్మాస్టరుగారు కలపనిచ్చేవారు కాదు. అందరి ముక్కలూ విప్పి చాపమీద పరచమనేవారు. ‘ఇస్పేటు పది ఎందుకు వదిలావు? అప్పటికి ఎవరెవరు ఏం ఎత్తారు? నీకు ఏం తెలుసు, ఏం తెలియదు?’ ఇవీ ప్రశ్నలు. తిట్టేవారు కాదు, ఎగతాళి అసలే లేదు. పాఠం చెప్పినంత ఓపిగ్గా అడిగేవారు.

ఒకనాడు చూద్దాంగారు పూర్తిగా చితికిపోయిన చేతితో కూర్చుని, వరసగా రెండు జోకర్లు లాగి, కళావరు మూడు కోసం చూస్తే అదీ వచ్చి, ఆట కొట్టేశాడు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడని కేక పెట్టి తొడ చరిచాడు. హెడ్మాస్టరుగారు ముక్కలన్నీ పరిపించి, నిదానంగా అన్నారు, ‘నెగ్గారు, సంతోషం. కానీ తప్పు ఆడారు.’ అరుగంతా నిశ్శబ్దం. నెగ్గినవాణ్ణి తప్పు ఆడావనడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. ఆ మూడు ముక్కలూ వరసగా రాకపోతే ఏమయ్యేదో ఒక్కొక్కటే లెక్కకట్టి చూపించారు. ఆ పక్కనే నలభై పాయింట్లు పోగొట్టుకుని మొహం వేలాడేసిన కరణంగారబ్బాయిని పిలిచి, నువ్వు సరిగ్గా ఆడావు, రేపు కూడా ఇలాగే ఆడు అన్నారు. పోయినవాడికి మెప్పు!

ఆ రోజు నుంచీ ఆట తీరే మారింది. నెగ్గామా ఓడామా అన్నది ఆ పూట సంగతి, సరిగ్గా ఆడామా లేదా అన్నది వేరే సంగతి. రెండింటినీ విడదీసి చూడ్డం ఒంటరిగా చేతకాదు. మన తప్పు మనకి కనిపించదు, గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. ముక్కలు విప్పి పరచాలి, ఎదటివాడు చూడాలి, చూసినవాడికి నీ మీద పంతం ఉండకూడదు. నీ ఫోనులో ఆటలు గంటకి ఎన్ని పడతాయో నాకు తెలియదు గానీ, పడ్డ ఆట గురించి అడిగే మనిషి అందులో ఉన్నాడా? ముక్కలు విప్పకముందే తర్వాతి ఆట పంచేస్తుందే! అలా వెయ్యి ఆటలాడినా మొదటి ఆటనే వెయ్యిసార్లు ఆడినట్టు.

అరుగుకి ఇంకో గుణం ఉండేది. ఒక కుర్ర రైతు, కొత్తగా పెళ్ళయినవాడు, రెండు రోజులు వరసగా పోగొట్టుకున్నాడు. మూడోనాడు విత్తనాల కోసం అట్టిపెట్టిన డబ్బు నడుముకి చుట్టుకొచ్చి కూర్చున్నాడు. పోయినచోటే వెతుక్కోవాలన్న మాట ఆ వయసులో అందరి నోటా ఉంటుంది. కరణంగారు పంచుతూ పంచుతూ వాణ్ణి దాటేసి పక్కవాడికి వేశారు. నాకు ముక్కల్లేవేం అన్నాడు వాడు. ‘నీకు ముక్కలు పొలంలో ఉన్నాయిరా, వెళ్ళి నాటుకో’ అన్నారు. ఏడుపుమొహంతో వెళ్ళాడు. మర్నాడు వాళ్ళమ్మ పెరుగుకుండ తెచ్చి కరణంగారి గుమ్మంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది. 1984లో ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేసింది. కరణీకం పోయింది గానీ, మనిషిని చూసి ముక్కలు ఆపగల ఆ పెద్దరికం మాకు మళ్ళీ దొరకలేదు.

కోర్టులు కూడా ఈ ఆట గురించి బాగానే ఆలోచించాయి, తెలుసా? 1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే ఆ కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. 1968 నాటి లా రిపోర్టుల్లో ఆ తీర్పుంది, రాసినవారు జస్టిస్ హిదయతుల్లా. మూడుముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనక ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటే అన్నారు. మా అరుగుమీద ఆ వార్తకి పండగ చేసుకున్నారు. పెద్దత్తయ్య మాత్రం, ఇది తేల్చడానికి ఢిల్లీదాకా వెళ్ళాలా, నన్నడిగితే చెప్పేదాన్ని కదా అంది. అయితే అదే తీర్పులో, ఆట పేరుతో నిర్వాహకులు పందాల మీద లాభం దండుకుంటే నేరమవుతుందన్న హెచ్చరికా ఉంది. అది ఎవరూ పెద్దగా చదువుకోలేదు. తర్వాత ఫోన్లొచ్చాయి, కాపురాలు కూలాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది. నేర్పున్న ఆటే, కాదనను. కానీ పాయింటుకి పైసా దగ్గర పదునెక్కిన నేర్పది. జీతం పందెం పెట్టినవాడి చేతులు వణుకుతాయి, వణికే చేతులకి నేర్పెక్కడిది? నువ్వు స్నేహితులతో చింతగింజలు పెట్టుకుని ఆడు, నాకేం అభ్యంతరం లేదు. అంతకు మించితే మాత్రం ఈ మంట దగ్గర చోటివ్వను.

నేర్పు అన్నాను కదా, భారతంలో నలుడి కథ గుర్తుందా? పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు, భార్యకి దూరమయ్యాడు, బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. విదర్భకి రథం తోలుతుంటే రాజుగారి పైపంచ జారిపడింది. ఆపు అనేలోపు ఆమడ దూరం వచ్చేశాం అన్నాడు నలుడు. రాజుకి పౌరుషమొచ్చింది. దారిలో తాండ్రచెట్టు చూపించి దాని కొమ్మలకున్న ఆకులెన్నో కాయలెన్నో చెప్పాడు. నలుడేం చేశాడు? అద్భుతమని చేతులు జోడించాడా? రథం ఆపి, రాజు ఆలస్యమవుతోందని మొత్తుకుంటున్నా వినకుండా, లెక్కపెట్టి చూసుకున్నాడు! సరిపోయింది. అప్పుడు తన అశ్వహృదయం ఇస్తానని, ఆయన దగ్గర అక్షహృదయం పుచ్చుకున్నాడు. ఆ విద్యతోనే పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం రాబట్టుకున్నాడు. ఈ కథంతా అడవిలో ధర్మరాజుకి చెప్పి, ఆయనకీ అక్షహృదయం నేర్పింది బృహదశ్వుడనే ముని. ధర్మరాజు అంతటివాడు, ఒకసారి అంతా పోగొట్టుకుని, రెండోసారి పిలిస్తే మళ్ళీ వెళ్ళి, అడవుల పాలయ్యాక కూర్చుని నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి ముందే కూర్చోకూడదా అని మా బామ్మ ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా పురాణం చెప్పేవారి మీద విసుక్కునేది.

పెద్దత్తయ్య నా చేత చేయించిన సాధన కూడా లెక్కపెట్టడమే. రేపటినుంచి నువ్వూ మొదలుపెట్టు. ఒక్క రంగు పదమూడు ముక్కలు తీసుకో. కలుపు. ఒకటి చూడకుండా పక్కన పెట్టు. మిగతా పన్నెండూ ఒక్కొక్కటే తిప్పి, ఒకసారి చూసింది మళ్ళీ చూడకుండా బోర్లా పెట్టేసి, పక్కన పెట్టింది ఏదో చెప్పు. తడుముకోకుండా చెప్పడం వచ్చాక రెండో రంగు కలుపు. ఇరవయ్యారులో రెండు తీసి దాచు. యాభైరెండు జోలికి ఇప్పుడే పోకు, నాకు అంతదాకా రావడానికి ఒక వేసవి పట్టింది. తిప్పేటప్పుడు పక్కనెవరినైనా కబుర్లు చెబుతూ ఉండమను. ఆటలో ఎవరూ నోరు మూసుకుని కూర్చోరు కదా. మీ నాయనమ్మని కూర్చోబెట్టుకో, కబుర్లకి లోటుండదు.